గుడ్డపూల పంతులమ్మ

(ఒక బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి)

పోయిన డిసెంబరు 7వ తేదీన మా క్లాసులోకి ఎన్.సి.సి. మిత్రులిద్దరు ఒక డబ్బా, ఒక అట్టపెట్టె పట్టుకొని వచ్చారు. డబ్బాలో పది రూపాయలు వేస్తే, అట్టపెట్టెలోంచి చిన్న కాగితపు జెండా తీసి గుండుసూదితో చొక్కాకు గుచ్చి పోయారు. సాయుధ దళాల పతాక దినోత్సవం! ప్రతి ఏడూ జరిగేదే. ఆ వెనక పీరియడు మా బోటనీ లెక్చరర్ గారిది. ఆయన మా అందరి చొక్కాల వంకా ఒకసారి చూసి, డబ్బులిచ్చినవాడి గుండె మీద గుర్తు గుచ్చే ఈ ఆచారం ఎక్కడి నుండి వచ్చిందో ఎవరికైనా తెలుసా అని అడిగారు. క్లాసంతా నిశ్శబ్దం. ఆ ఆచారానికి బాగా పేరు తెచ్చినది ఒక గుడ్డపువ్వనీ, ఆ పువ్వు మన వంటింటి గసగసాలకు చుట్టమేననీ, మిగతా సంగతి లైబ్రరీలో చూసుకొమ్మనీ చెప్పి పాఠంలోకి వెళ్లిపోయారు.

చూసుకున్నాను. చూసుకున్నకొద్దీ ఒక పంతులమ్మ జీవితం నా కళ్ల ముందు నిలబడింది. ఆమెను గురించి ఈ సంచికకు రాస్తానంటే హాస్టలు మిత్రులు నవ్వారు. పూల గురించి ఆడపిల్లలు రాస్తరు గానీ సైన్సు చదివే మగపిలగాడు రాసుడేందిరా అన్నారు. వారికి నా జవాబు ఈ వ్యాసమే. చివరిదాకా చదివి, అప్పుడు నవ్వాలనిపిస్తే నవ్వమని మనవి.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. ఇంగ్లీషులో ఆ పువ్వు పేరు పాపీ. వినగానే మనకు పాపపుణ్యాలు గుర్తుకొస్తాయి గానీ ఆ పాపికీ దీనికీ సంబంధం లేదు. మనం మసాలాలో నూరుకునే గసగసాలు నల్లమందు మొక్క గింజలు. దాని శాస్త్రీయ నామం పపావర్ సోమ్నిఫెరమ్. ఐరోపాలో గోధుమ చేలల్లో కలుపుగా మొలిచే మరో మొక్క దానికి చెల్లెలి వరస. పేరు పపావర్ రియాస్. నాలుగు ఎర్రటి పల్చని రేకులు, నడుమ నల్లని కేసరాలు. కోసి కొప్పులో పెట్టుకుందామంటే పూటైనా నిలవదు, రేకులు రాలిపోతాయి. దండకు పనికిరాదు, దేవుడికి పనికిరాదు. అట్లాంటి పువ్వును కోట్లమంది గుండెల మీదికి ఎక్కించిన మనిషి మొయినా మైకేల్.

మొయినా బెల్ మైకేల్ 1869 ఆగస్టు 15న అమెరికా దక్షిణాన జార్జియా రాష్ట్రంలో గుడ్ హోప్ అనే పల్లెలో పుట్టింది. మనకు స్వాతంత్ర్యం వచ్చిన తేదీయే, కాకపోతే 78 ఏళ్లు ముందు. వాళ్లది పత్తి పండించే కలిగిన కుటుంబం. పత్తి చేన్ల నడుమ పెరిగిన నాకు ఆ ఒక్క మాటతో ఆమె దగ్గరి మనిషిలా అనిపించింది. కానీ ఒక నిజం కూడా చెప్పుకోవాలి. జార్జియా పత్తి తోటలు తరతరాలుగా నల్లజాతి బానిసల చెమటతో లేచినవి. బానిసత్వం చట్టరీత్యా రద్దయింది 1865లో. అంటే ఆమె పుట్టుకకు నాలుగేళ్ల ముందు మాత్రమే. ఆ చరిత్రను దాచిపెట్టి ఆమెను దేవతగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఆమె చేసిన పని ఒకటి ఉంది, దాన్ని చెప్పడమే నా ఉద్దేశం.

1885లో, పదహారేళ్ల వయసుకే ఆమె సొంత ఊళ్లో బడిపంతులమ్మ అయింది. 1898 నాటికి ఆ కుటుంబం చేతిలో పత్తి భూములు లేకుండా పోయాయి. భూమి పోతే రైతు ఇల్లు ఎట్లా ఉంటుందో మన పాలమూరు, నల్లగొండ విద్యార్థులకు విడమర్చి చెప్పనక్కరలేదు. మొయినాకు మాత్రం చేతిలో పలక, బలపం ఉన్నాయి. ఊరి బడి నుండి పట్నం బడికి, అక్కడి నుండి ఏథెన్స్ నగరంలో టీచర్లను తయారుచేసే నార్మల్ స్కూలుకు... ఇట్లా మెట్టు మెట్టుగా ఎక్కింది. జార్జియా విశ్వవిద్యాలయం ఉన్నది కూడా ఆ ఏథెన్స్ లోనే. 1912-13లో న్యూయార్క్ వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో తాను మళ్లీ విద్యార్థిని అయింది. అప్పటికి ఆమెకు నలభై మూడేళ్లు! ఒక సబ్జెక్టు పోతే చదువు మానేద్దామనుకునే మనం ఈ అంకెను కాస్త గుర్తుపెట్టుకుంటే మంచిది.

1914 వేసవిలో ఆమె ఐరోపా యాత్రకు వెళ్లింది. జర్మనీలో ఉండగా మొదటి ప్రపంచయుద్ధం ముంచుకొచ్చింది. రైళ్లు, ఓడలు తలకిందులయ్యాయి. పర్యాటకులు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు. మొయినా రోము నగరం చేరుకొని, తన దారి తాను చూసుకోకుండా, ఇంటికి పోయే దారి దొరకని అమెరికన్లకు సాయంగా నిలబడింది. ఆ పని వల్ల దాదాపు 12,000 మందికి మేలు జరిగిందని ఆమె జీవిత చరిత్రలు చెబుతాయి. చివరకు ఆమె తిరిగొచ్చిన ఓడ పేరు కార్పాథియా. రెండేళ్ల ముందు టైటానిక్ మునిగినప్పుడు బతికినవాళ్లను ఎక్కించుకున్న ఓడ అదే.

1917 ఏప్రిల్ లో అమెరికా కూడా యుద్ధంలో దిగింది. మొయినా ఉద్యోగానికి సెలవు పెట్టి న్యూయార్క్ వెళ్లి, ఒక సేవా సంస్థలో చేరింది. యుద్ధభూములకు సేవకోసం వెళ్లేవాళ్లకు తర్ఫీదు ఇచ్చే కేంద్రం అది. ఆ కేంద్రం నడిచింది ఆమె చదువుకున్న కొలంబియా విశ్వవిద్యాలయం ఆవరణలోనే.

ఇక్కడ కొంచెం బోటనీ అవసరం. పపావర్ రియాస్ గింజలు మట్టిలో ఏళ్ల తరబడి, ఒక్కోసారి దశాబ్దాల తరబడి నిద్రపోతాయి. మట్టి కదిలి, గింజ పైకి వచ్చి, వెలుతురు సోకితేనే మొలక. మన చేన్లల్లో కూడా నాగలి పడ్డ చోటనే కలుపు ముందు లేస్తుంది గదా! బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో ఆ నాలుగేళ్లు నాగలి పని ఫిరంగి చేసింది. గుండ్లు పడి పొలాలన్నీ తిరగబడ్డాయి. సైనికులను పూడ్చిన కొత్త సమాధుల మట్టిలో, కందకాల గట్ల మీద ఎర్రపూలు విరగబూశాయి. జాన్ మెక్రే అనే కెనడా సైనిక వైద్యుడు 1915 మే నెలలో తన స్నేహితుణ్ణి పోగొట్టుకొని, ఆ పూల మీద, ఆ సమాధుల మీద ఒక కవిత రాశాడు. ఆ డిసెంబరులోనే అది లండన్ పత్రికలో అచ్చయి దేశదేశాలకు పాకింది. యుద్ధం ముగియడం మాత్రం మెక్రే చూడలేదు. 1918 జనవరి 28న యుద్ధ సేవలో ఉండగానే జబ్బు చేసి చనిపోయాడు.

1918 నవంబరు 9, శనివారం. యుద్ధ విరమణకు సరిగ్గా రెండు రోజుల ముందు. మొయినా బల్ల దగ్గర ఉండగా ఒక సైనికుడు ఒక మాసపత్రికను అక్కడ పెట్టి వెళ్లాడు. పేజీలు తిప్పుతుంటే మెక్రే కవిత బొమ్మతో సహా కనిపించింది. ఆమె అంతకు ముందూ దాన్ని చదివింది. కానీ ఆ రోజు అది మనసులో నాటుకుపోయింది. పారేసిన ఒక కవరు వెనక అక్కడికక్కడే జవాబుగా తాను ఒక కవిత రాసుకొంది. ఇక జీవితాంతం ఎర్ర పాపీ పువ్వును ధరిస్తానని తనకు తాను మాట ఇచ్చుకొంది.

సరిగ్గా అప్పుడే అక్కడ సభలకు వచ్చిన ముగ్గురు వచ్చి పది డాలర్లు ఆమె చేతిలో పెట్టారు. ఆ కేంద్రాన్ని ఆమె తన సొంత ఖర్చుతో పూలు పెట్టి అలంకరించేదట, దానికి కృతజ్ఞతగా ఇచ్చిన సొమ్ము అది. ఆ డబ్బుతో ఏం కొంటుందో వాళ్లకు చెప్పి, ఆమె బజారుకు బయలుదేరింది. నవంబరులో న్యూయార్కులో నిజమైన పాపీలు ఎక్కడివి? వానామేకర్ అనే పెద్ద దుకాణంలో పట్టుతో చేసిన పాపీ పూలు దొరికాయి. పెద్దది ఒకటి, చిన్నవి రెండు డజన్లు. ఒకటి తన కోటుకు గుచ్చుకొని, మిగతావి అడిగినవాళ్లకు పంచిపెట్టింది. ఈనాడు ప్రపంచంలో ఎక్కడ గుండె మీద పాపీ కనిపించినా, దాని వంశవృక్షంలో ఆ ఇరవై అయిదు పట్టుపూలు ఉన్నట్టే.

ఆ రోజుల్లో ఆ గుడ్డపూలు ఎట్లా తయారయ్యేవో తెలుసుకోవాలని నాకు కుతూహలం కలిగింది. పని విధానం మన నేత ఇళ్లకు కొత్తది కాదు. పట్టు, నూలు గుడ్డకు ముందు గంజి పట్టించి బిగుతుగా ఆరబెడతారు. రేకు ఆకారంలో ఉన్న ఇనుప అచ్చును మడతల మీద పెట్టి కొడితే ఒక్క దెబ్బకు ఎన్నో రేకులు తెగుతాయి. గుండ్రటి మొన ఉన్న ఇనుప పనిముట్టును వేడిచేసి రేకు మీద నొక్కితే రేకు గిన్నెలా వంగుతుంది. గంజి ఉన్నందువల్ల ఆ వంపు అట్లాగే నిలుస్తుంది. ఆ మీద రేకులు తీగకు గుచ్చి, జిగురు అంటించి, కాడకు ఆకుపచ్చ కాగితం చుడతారు. పోచంపల్లిలోనో, నారాయణపేటలోనో, గద్వాలలోనో పడుగుకు గంజి పట్టించడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

అయితే న్యూయార్కులో ఆనాడు ఈ పని చేసింది ఎవరు? ఎక్కువగా ఇటలీ నుండి వలస వచ్చిన పేద స్త్రీలు, వారి పిల్లలు. ఇరుకు గదుల్లో దీపం పెట్టుకొని, డజన్ల లెక్కన కూలికి రేకులు అంటించేవాళ్లు. 1913లో మేరీ వాన్ క్లీక్ అనే పరిశోధకురాలు వారి బతుకుల మీద ఒక గ్రంథమే ప్రచురించింది. ఆ పూలు ధనవంతుల ఇంటి ఆడవాళ్ల టోపీల మీద మెరిసేవి. చేసిన చేయి ఎవరిదో టోపీ పెట్టుకున్నవాళ్లకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. మొయినా కథలో అసలు మలుపు ఇక్కడే ఉంది.

యుద్ధం ఆగింది. పాపీని జాతీయ చిహ్నంగా చేయాలని మొయినా పట్టుబట్టింది. మొదట ఆమె వేసిన అడుగు తప్పటడుగు. ఒక వ్యాపార నిర్వాహకుడితో ఒప్పందం కుదుర్చుకొని, పాపీ పువ్వుకు కాగడా బొమ్మ జోడించి ఒక ఘనమైన చిహ్నం తయారు చేయించారు. 1919 ఫిబ్రవరి 14న న్యూయార్కులోని కార్నెగీ హాలులో దాన్ని ఆవిష్కరించారు. చప్పట్లు వచ్చాయి గానీ జనం పట్టించుకోలేదు. కొద్ది రోజులకు ఆ నిర్వాహకుడు కూడా చేతులెత్తేశాడు. కాగడాతో కూడిన ఆ అందమైన చిహ్నం ఇవాళ ఎవరికీ గుర్తు లేదు.

ఆమె ఏథెన్సుకు తిరిగి వచ్చి మళ్లీ పాఠాలు మొదలుపెట్టింది. ఈసారి విద్యార్థులు వేరు. యుద్ధంలో అంగవైకల్యం పొందిన సైనికులకు పాఠం చెప్పే తరగతి ఆమెకు అప్పజెప్పారు. కాలు లేనివాడు, చేయి లేనివాడు, విషవాయువు పీల్చి ఊపిరితిత్తులు చెడినవాడు... యుద్ధం ఎందరినో ఇట్లా మిగిల్చింది. అట్లాంటి వాళ్లకు ప్రసంగాలు, సన్మానాలు ఎన్ని చేసినా కడుపు నిండదు. వారికి కావలసింది చేయడానికి పని, పనికి కూలి. ఆ తరగతిలోనే ఆమెకు తోచింది: పువ్వు పంచడానికి కాదు, అమ్మడానికి! అమ్మిన డబ్బు వాళ్ల కోసం. కార్నెగీ హాలు చేయలేని పనిని తరగతి గది చేసింది.

1920 ఆగస్టులో జార్జియా మాజీ సైనికుల సంఘం పాపీని తన గుర్తుగా స్వీకరించింది. ఆ సెప్టెంబరులో క్లీవ్లాండు నగరంలో జరిగిన అమెరికన్ లీజియన్ జాతీయ మహాసభ కూడా ఒప్పుకొంది. ఆ సభకు వచ్చినవారిలో అన్నా గెరాన్ అనే ఫ్రెంచి మహిళ ఉంది. ఆమె ఆలోచన ఇంకో అడుగు ముందుకు పోయింది. యుద్ధంలో భర్తలు పోయిన ఫ్రాన్సు స్త్రీల చేత, తండ్రులు లేని పిల్లల చేత గుడ్డ పాపీలు చేయించి దేశదేశాల్లో అమ్మించాలని ఆమె సంకల్పం. 1921లో కెనడా, బ్రిటన్ దేశాలకు స్వయంగా వెళ్లి ఒప్పించింది. ఆ ఏడు నవంబరు 11న బ్రిటన్ లో మొదటి పాపీ దినం. తెచ్చిన 90 లక్షల పూలు దాదాపు వెంటనే అయిపోయాయి. 1,06,000 పౌండ్లు వసూలయ్యాయి. న్యూజిలాండుకు వెళ్లవలసిన పూలు మాత్రం ఓడ ఆలస్యమై నవంబరుకు అందలేదు. వాళ్లు ఆగి, 1922 ఏప్రిల్ 24న అమ్ముకున్నారు. అందుకే ఈనాటికీ అక్కడ పాపీ దినం ఏప్రిల్ లోనే వస్తుంది. పాపీ పూలమ్మ అనే బిరుదు మొయినాదా, గెరాన్ దా అనే వాదన ఇప్పటికీ ఉంది. నా మటుకు నాకు విత్తనం వేసినది ఒకరు, నారు పోసి నాట్లేసినది మరొకరు. పంట ఇద్దరిదీ.

అంతా సాఫీగా జరగలేదు సుమా! 1921 చివర అమెరికన్ లీజియన్ మనసు మార్చుకొని పాపీని తీసేసి డైసీ పువ్వును పెట్టుకొంది. మరుసటేడే తప్పు తెలుసుకొని మళ్లీ పాపీకే వచ్చింది.

ఇక చేసే చేతుల సంగతి. 1922లో లండన్ లో జార్జి హౌసన్ అనే మాజీ సైనికాధికారి అయిదుగురు వికలాంగ సైనికులతో ఒక చిన్న పాపీ కార్ఖానా పెట్టాడు. అతను ఆలోచించిన విధానం నన్ను బాగా ఆకట్టుకొంది. ఒక్క చేయి మాత్రమే పనిచేసే మనిషి కూడా పువ్వు పూర్తిచేయగలిగేట్టు పాపీ నమూనాను తయారు చేశారు. మనిషిని పనికి తగ్గట్టు విరవడం కాదు, పనిని మనిషికి తగ్గట్టు వంచడం! అమెరికాలో విదేశీ యుద్ధాల మాజీ సైనికుల సంఘం కూడా 1924 నుండి తమ పూలను పిట్స్‌బర్గ్ నగరంలో వికలాంగ సైనికుల చేతనే, కూలి ఇచ్చి చేయించింది. 1926లో ఎడిన్‌బరోలో మరో కార్ఖానా లేచింది. ఇరుకు గదుల్లో కనపడకుండా పోయిన పూలు చేసే చేయికి, ఈ పువ్వుతో ఒక ముఖం వచ్చింది. కొన్న ప్రతివాడికీ ఇది ఎవరు చేశారో, డబ్బు ఎవరికి పోతుందో తెలుసు. మొయినా సాధించినది ఇదీ.

అయితే ఆ పువ్వు మన వైపు వచ్చేసరికి రంగు కొంచెం మారింది. బ్రిటిష్ పాలనలో పాపీ దినం వలస దేశాల్లో కూడా జరిగేది. సింహళంలో వసూలైన డబ్బులో ఎక్కువ భాగం బ్రిటిష్ సైనికులకే పోతున్నదని అక్కడి యువకులు ఎదురు తిరిగారు. 1930ల తొలి సంవత్సరాల్లో అదే నవంబరు 11న, పాపీకి బదులు పచ్చని సూర్య పుష్పాన్ని అమ్మడం మొదలుపెట్టారు. అదే సూర్యమల్ ఉద్యమం. 1934-35లో ఆ దేశాన్ని మలేరియా ఊపేసినప్పుడు ఊరూరా తిరిగి సాయం చేసినవారిలో ఈ పూల ఉద్యమకారులు ముందున్నారు. పువ్వు చిన్నదే గానీ, డబ్బు ఎవరికి పోతుందన్న ప్రశ్న చిన్నది కాదు.

మొదటి ప్రపంచయుద్ధానికి మన దేశం నుండి పది లక్షలకు పైగా జనం సముద్రాలు దాటి వెళ్లారు. దాదాపు 74,000 మంది తిరిగి రాలేదు. మన నిజాం రాజ్యపు హైదరాబాదు లాన్సర్లు కూడా పాలస్తీనా రంగానికి వెళ్లారు. ఢిల్లీలో 1922 నాటి తీన్ మూర్తి స్మారకం మీద నిలబడ్డ మూడు విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లకు గుర్తులే. స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం సొంత రోజు పెట్టుకొంది. 1949 నుండి ప్రతి డిసెంబరు 7న పతాక దినం. పువ్వు పోయి జెండా వచ్చింది. గుండుసూది మాత్రం మారలేదు!

మొయినా చివరిదాకా పంతులమ్మగానే బతికింది. పెళ్లి చేసుకోలేదు. 1941లో తన కథను అద్భుత పుష్పం అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకంగా రాసింది. 1944 మే 10న ఏథెన్స్ లో కన్నుమూసింది. అప్పటికి రెండో ప్రపంచయుద్ధం నడుస్తూ ఉంది. ఏ యుద్ధపు గాయాలు మాన్చడానికి ఆమె పూలు పట్టుకుందో, ఆ యుద్ధానికి పెద్దన్న వచ్చి కూర్చున్నాడు! ఆమె పోయేనాటికి పాపీ అమ్మకాల వల్ల వికలాంగ సైనికుల పునరావాసానికి 20 కోట్ల డాలర్లకు పైగా పోగయిందని లెక్క. 1948 నవంబరు 9న, అంటే ఆ పట్టుపూలు కొని సరిగ్గా ముప్ఫై ఏళ్లకు, అమెరికా ప్రభుత్వం ఆమె బొమ్మతో మూడు సెంట్ల తపాలా బిళ్ల వేసింది.

పువ్వు యుద్ధాన్ని ఆపలేదు. ఆ మాట నిజమే. కానీ యుద్ధం పారేసిన మనిషి చేతిలో పని పెట్టింది.

ఇంత దూరపు కథ నాకెందుకు ఇంత దగ్గరగా తగిలిందో చెప్పి ముగిస్తాను. మాది మర్రిగూడ వైపు పల్లె. మా ప్రాంతాన్ని విరిచింది యుద్ధం కాదు, నీళ్లు. బోరునీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లోకి దిగి ఎందరినో వంచేసింది. 1970లలో నీరీ శాస్త్రజ్ఞులు పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతి కనిపెట్టి, దానికి మా జిల్లా పేరే పెట్టారు. ప్రపంచమంతా పుస్తకాల్లో చదివే నల్గొండ టెక్నిక్ అదే. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నయి. చిన్నపిల్లలు నిటారుగా నడుస్తున్నరు. కానీ అప్పటికే వంగిపోయిన ఎముకలు మళ్లీ సాఫు కావు గదా!

మా వాడకట్టులో అట్లాంటి పెద్దమ్మ ఒకామె ఉంది. నడుం లేవదు, మెడ తిరగదు. టైలరు దగ్గర మిగిలిన గుడ్డపీలికలు తెప్పించుకొని, గంజిలో ముంచి ఆరేసి, మడిచి, సూదీ దారంతో బిగించి జడపూలు చేస్తది. చెర్వుగట్టు జాతరకు పోయేటోళ్లు ఎవరన్న ఆ పూలు తీస్కపోయి అమ్మి పెడతరు. చిన్నప్పటి నుండి నేను ఆమె ఇంటి ముందు నుంచే పోతున్న. ప్రతిసారీ అయ్యో పాపం అనుకున్న, ఒక్కసారీ ఆ పువ్వు చేతికి తీసుకొని చూడలేదు. పండుగలకు మా అమ్మ ఆమెకు బియ్యం, పప్పు పంపేది. ఆమె ఊరికే తీసుకునేది కాదు. మా చెల్లె జడకు రెండు పూలు ఇచ్చి పంపేది. అదేదో మొహమాటం అనుకునేవాణ్ణి. మొయినా కథ చదివిన తర్వాత గానీ నాకు అర్థం కాలేదు. అది మొహమాటం కాదు, లెక్క. బిచ్చానికీ కూలికీ నడుమ ఉండే తేడా ఆ రెండు పూలు.

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయి ఆమె దగ్గర కూర్చున్నాను. పువ్వు ఎట్లా చేస్తావు పెద్దమ్మా అని అడిగితే, సైన్సు చదివేటోనికి ఇది ఎందుకురా అని ఆమె కూడా నవ్వింది. తర్వాత చూపించింది. నా రెండు చేతులూ బాగానే ఉన్నాయి గానీ, నేను చేసిన పువ్వు నాలుగు రేకులకే విడిపోయింది. ఆమె వేళ్లు సగం వరకే వంగుతాయి, అయినా ఆమె పువ్వు జాతర దుమ్మును, ఎండను తట్టుకుంటది.

స్టూడెంట్స్ యూనియన్ మిత్రులకు ఈ సందర్భంగా ఒక విన్నపం. ప్రతి ఏడూ మన వార్షికోత్సవానికి ముఖ్య అతిథులకు, వాలంటీర్లకు గుండెకు గుచ్చే బ్యాడ్జీలు పట్నం నుండి తెప్పిస్తున్నాం. సాయంత్రానికి అవి చెత్తకుప్పలో ప్లాస్టిక్ అవుతున్నాయి. వచ్చే ఏడు ఆ బ్యాడ్జీలను మన ఊళ్ల గుడ్డపూలతో చేయిద్దాం. పోచంపల్లిలో, పుట్టపాకలో, నారాయణపేటలో, గద్వాలలో మగ్గాల దగ్గర మిగిలే ముక్కలు ఉన్నాయి. వాటిని పువ్వులుగా మార్చే చేతులూ ఉన్నాయి. ధర తక్కువ చేయమని బేరమాడకుండా, చేసినవాళ్లు చెప్పిన కూలి ఇద్దాం. ఇది దానం కాదు, కొనుగోలు. గుచ్చుకున్న ప్రతి అతిథికీ ఆ పువ్వు ఏ ఊళ్లో తయారయిందో మన వాలంటీరు చెప్పాలి.

నేను మాత్రం ఇప్పటికే ఒకటి కొన్నాను. ఎర్రటిది, నాలుగు రేకులది. నా బోటనీ రికార్డులో పపావర్ రియాస్ బొమ్మ పక్కన గుండుసూదితో గుచ్చి ఉంది. రికార్డు దిద్దేటప్పుడు మా లెక్చరర్ గారు దానికి మార్కులు వేస్తారో లేదో గానీ, ఎవరు చేశారని తప్పక అడుగుతారు. ఈసారి క్లాసులో మౌనంగా ఉండను.